నంబరు ఇవ్వకపోతే వైద్యం చేయరా?

ప్రశ్న: ఆస్పత్రిలో చీటీ రాయించుకోబోతే "ఆభా" నంబరు అడిగారు. ఇస్తే నా పాత జబ్బు సంగతి అందరికీ తెలిసిపోతుందేమోనని భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: భయపడకండి. 2021లో దేశమంతటా ప్రారంభమైన డిజిటల్ ఆరోగ్య పథకం కింద ఇచ్చే 14 అంకెల నంబరు అది. తీసుకోవడం, మానడం మీ ఇష్టం. అది లేదని వైద్యం నిరాకరించకూడదు. తీసుకుంటే పాత రిపోర్టులు ఒకేచోట దొరుకుతాయి. అయితే ఏ రిపోర్టు, ఎవరికి, ఎన్నాళ్లు చూపాలో నిర్ణయించేది మీరే. ఇచ్చిన అనుమతిని రద్దు చేసుకోవచ్చు కూడా. ఫోనుకు వచ్చిన ఓటీపీని, ఎందుకో తెలుసుకోకుండా ఎవరికీ చెప్పకండి.

మరొక్క మాట. నంబరు ఇవ్వకపోయినా ఫరవాలేదు కాని, వైద్యం చేసే డాక్టరు దగ్గర మాత్రం పాత జబ్బునూ, వాడుతున్న మందులనూ దాచకండి. ప్రాణం మీదికి వస్తుంది.