వేలు తగలగానే ఆగిపోయే రంపం: అమెరికా నుంచి తెప్పించుకోవాలా?

డాలస్‌లో ఉండే బావ సంక్రాంతికి వస్తున్నానని మెసేజ్ పెడితే మనం ఏం చేస్తాం? తెమ్మనే గ్యాడ్జెట్ల లిస్టు పంపుతాం. నేనూ పంపాను. కాకపోతే ఈసారి అందులో ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. ఒక్కటే ఐటమ్: సాస్టాప్ కాంపాక్ట్ టేబుల్ సా. "ఇదేంట్రా, రంపమా?" అని బావ వెంటనే ఫోన్ చేశాడు.

అవును, రంపమే. మాది పార్వతీపురం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. రోజంతా స్క్రీన్ చూసి చూసి, సాయంత్రం చేతులతో ఏదైనా చేయాలనిపించి పెరట్లో రేకుల షెడ్డు కింద చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. మానిటర్ స్టాండు, పుస్తకాల అర, అన్నీ చేతిరంపంతోనే చేశాను. తర్వాతి మెట్టు టేబుల్ సా. అయితే చివరికి నేను కొన్నది బావకు చెప్పింది కాదు. ఎందుకో చెప్తాను.

ఫోన్ స్క్రీన్ లాంటి బ్లేడ్

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడ్ పైకి వచ్చి తిరుగుతుంటుంది, చెక్కను మనం చేతులతో దాని మీదికి తోస్తాం. 10 అంగుళాల బ్లేడ్ నిమిషానికి 4,000 సార్లు తిరిగితే దాని పళ్ల వేగం గంటకు 190 కిలోమీటర్లు. ఆ పళ్లకూ మన వేళ్లకూ మధ్య దూరం ఒక్కోసారి జానెడు కూడా ఉండదు.

సాస్టాప్ ఆ బ్లేడ్‌లోకి చిన్న ఎలక్ట్రికల్ సిగ్నల్ పంపి దాన్ని అనుక్షణం గమనిస్తూ ఉంటుంది. ఎండిన చెక్కలో కరెంట్ పారదు, మన ఒంట్లో పారుతుంది. వేలు తగలగానే సిగ్నల్ పడిపోతుంది. మీ ఫోన్ టచ్‌స్క్రీన్ వేలును గుర్తుపట్టేదీ ఇంచుమించు ఇలాగే. సిగ్నల్ పడిపోగానే ఒక సన్నటి వైరు కాలిపోతుంది, అది బిగబట్టి ఉంచిన స్ప్రింగ్ వదులుతుంది, అల్యూమినియం దిమ్మ ఒకటి బ్లేడ్ పళ్లలోకి దూసుకెళ్తుంది. 5 మిల్లీసెకన్ల లోపే బ్లేడ్ ఆగి బల్ల కిందికి దిగిపోతుంది.

120 హెర్ట్జ్ ఫోన్లో ఒక్క ఫ్రేమ్ మారడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఇక్కడ ఫ్రేమ్ మారేలోపే కథ అయిపోతుంది. ఆ టైంలో బ్లేడ్ తిరిగేది ఒక చుట్టులో మూడో వంతు. బ్రేక్ లేకపోతే? ఉలిక్కిపడి చెయ్యి లాక్కోవడానికి మనకు 200 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, 40 పళ్ల బ్లేడ్ అయితే ఈలోగా 500కు పైగా పళ్లు ఆ చోటును దాటిపోతాయి. తేడా అది. ఒక వైపు బ్యాండ్‌ఎయిడ్, ఇంకో వైపు ఆపరేషన్ థియేటర్.

దీన్ని 1999లో ఆలోచించింది స్టీఫెన్ గాస్. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి పేటెంట్ లాయర్‌గా పనిచేస్తూ, ఖాళీ సమయంలో చెక్కపని చేసుకునే మనిషి. సాసేజ్ ముక్కలతో టెస్టులు అయ్యాక తన సొంత వేలే పెట్టి చూశాడు. పెద్ద కంపెనీలతో లైసెన్స్ బేరాలు కుదరకపోవడంతో 2004 నుంచి సొంతంగా రంపాలు అమ్మడం మొదలుపెట్టారు. అవసరం ఎంతంటే, అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా ప్రకారం ఒక్క 2015లోనే అక్కడ టేబుల్ సా బ్లేడ్ తగిలి ఎమర్జెన్సీకి వెళ్లిన కేసులు సుమారు 30,500.

మరి ఎందుకు తెప్పించుకోలేదు?

మొదట బరువు. కాంపాక్ట్ మోడల్ 31 కిలోలు. బావ బ్యాగ్ లిమిట్ 23. అత్త చీరలు, పిల్లల చాక్లెట్లు అన్నీ తీసేసినా కుదరదు.

రెండోది వోల్టేజ్. అది 120 వోల్టులకు, 15 ఆంపియర్లకు చేసిన మిషన్. మన దగ్గర 230. మధ్యలో 2, 3 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. వేలి కోసం కొన్న ఎలక్ట్రానిక్స్‌ను కంపెనీ చెప్పని సెటప్‌లో నడపడం నాకు సబబుగా అనిపించలేదు. ప్రొడక్షన్ సర్వర్‌ను టెస్ట్ చేయని కాన్ఫిగ్‌తో నడిపినట్టే.

మూడోది బ్రేక్ కార్ట్రిడ్జ్. ఒకసారి పేలితే దాని పని అయిపోయినట్టే, బ్లేడ్ కూడా సాధారణంగా పోతుంది. కొత్త కార్ట్రిడ్జ్ సుమారు 100 డాలర్లు. వేలుతో పోలిస్తే అదేం లెక్క కాదు, నిజమే. కానీ తడి చెక్క తగిలినా, అల్యూమినియం తగిలినా బ్రేక్ పడే అవకాశం ఉంది. మన్యం వానాకాలంలో కోత మిల్లు నుంచి వచ్చే పనస చెక్క, మామిడి చెక్క ఎంత తడిగా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తడి చెక్క కోయాల్సి వస్తే బ్రేక్‌ను తాత్కాలికంగా ఆపే బైపాస్ మోడ్ ఉంది. ప్రతిసారీ దాన్ని వాడేటట్టయితే ఇంత డబ్బు పోసి కొన్నది దేనికి?

ధర చివర్లో చెప్తున్నాను, ఎందుకంటే అది అసలు అడ్డంకి కాదు. 2022లో ఈ మోడల్ 899 డాలర్లకు లాంచ్ అయింది. ఫ్లాగ్‌షిప్ ఫోన్ రేటే కదా.

మావయ్య చెప్పిన మాట

నా మనసు మార్చింది మాత్రం ఇవేవీ కాదు. మా మావయ్య వడ్రంగి. ఆయన ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. నాకు ఈ బ్రేక్ పిచ్చి పట్టిందే ఆ వేలు చూసి. మన ఊళ్లలో టేబుల్ సా అంటే ఏంటో మీకు తెలుసు: ప్లైవుడ్‌కి గాడి కొట్టి, కింద కటింగ్ మిషన్ తలకిందులుగా బిగించి, స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా లాక్ చేసి, ప్లగ్ దగ్గర ఆన్ ఆఫ్ చేసుకోవడం. ఆయనదీ అదే.

బ్రేక్ పడే వీడియో ఫోన్లో చూపించాను. రెండుసార్లు చూసి అన్నాడు: "బాగుంది అల్లుడూ. కానీ నాకు కోస్తన్నప్పుడు తెగలేదురా. కరెంటు పోయిందని పొట్టు తీస్తన్నాను. అంతలో కరెంటొచ్చీసింది."

ఇన్నేళ్లుగా ఆ వేలు చూస్తూ, ఎలా తెగిందో ఒక్కసారీ అడగలేదు నేను. ఆ వేలును కాపాడటానికి 5 మిల్లీసెకన్ల బ్రేక్ అక్కర్లేదు. కరెంట్ పోయి వచ్చినప్పుడు మోటార్ దానంతటదే తిరగకుండా ఆపే స్విచ్ ఒకటి చాలు. ప్లగ్ పీకేసి ఉన్నా చాలు.

బగ్ ఎక్కడుందో చూడకుండా ఫిక్స్ కొనడానికి బయల్దేరాను నేను.

ముందు ఏది కొనాలి

కాబట్టి నా వరస ఇది. ఒకటి, పైన చెప్పిన రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉన్న స్విచ్. మాకు గాలివాన వస్తే కరెంట్ వచ్చీ పోతూ ఉంటుంది, అందుకే ఇది మొదటిది. రెండు, రైవింగ్ నైఫ్. బ్లేడ్ వెనకాల నిలబడి ఉండే ఇనుప రేకు ఇది. కోసిన చెక్క మళ్లీ దగ్గరికి ముడుచుకుని బ్లేడ్‌ను పట్టేస్తే వెనక పళ్లు ఆ చెక్కను ఎత్తి మన మీదికి విసురుతాయి. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. చెక్కతో పాటు చెయ్యి కూడా బ్లేడ్ మీదికి పోయేది అప్పుడే. గుర్తుంచుకోండి, కిక్‌బ్యాక్‌ను సాస్టాప్ బ్రేక్ ఆపదు, రైవింగ్ నైఫే ఆపాలి. మూడు, బ్లేడ్ మీద గార్డ్, అడ్డంగా ఉందని పీకి పక్కన పడేయకుండా. నాలుగు, పుష్ స్టిక్. మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కతో పది నిమిషాల్లో చేసుకోవచ్చు. ఐదోది బ్రేక్.

ఈ మొదటి నాలుగూ ఉన్న మామూలు 10 అంగుళాల మోడల్ తీసుకున్నాను. తలకిందుల కటింగ్ మిషన్ కంటే ఖర్చు చాలా ఎక్కువే. అయినా ఈ విషయంలో నా మాట ఒక్కటే: ఆ సెటప్ మాత్రం వద్దు. బడ్జెట్ లేకపోతే చేతిరంపమే వాడండి.

అయినా బ్రేక్ కావాల్సిందే

అలాగని "మనకు బ్రేక్ అనవసరం" అని నేను అనట్లేదు. పైన నాలుగూ ఉన్నా మనిషి ఒక్కసారి పరధ్యానంగా ఉంటాడు. అప్పుడు మిగిలేది బ్రేకే. పార్వతీపురంలో వేలు తెగి అతికించాలంటే వైజాగ్ పరిగెత్తాలి, రోడ్డు మీద మూడు గంటల పైమాటే. పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉన్నవాడి కంటే మనకే ఈ బ్రేక్ ఎక్కువ అవసరం.

230 వోల్టులకు చేయలేరా అంటే, చేశారు కూడా. 2017లో సాస్టాప్‌ను కొన్నది ఫెస్టూల్ మాతృసంస్థే. ఇదే టెక్నాలజీతో ఫెస్టూల్ టీకేఎస్ 80 యూరప్‌లో అమ్ముతున్నారు. బాష్ అయితే బ్లేడ్ పాడవకుండా కిందికి లాగేసే రియాక్స్ అనే రంపం తెచ్చింది. పేటెంట్ కేసు వల్ల 2017లో అమెరికాలోకి దాని దిగుమతి ఆగిపోయింది. ఇప్పుడు పాత పేటెంట్లలో కొన్నిటి గడువు తీరిపోయింది. ఇంజినీరింగ్ కష్టమని ఇక ఎవరూ చెప్పలేరు. మిగిలింది అడిగేవాళ్లు లేకపోవడమే.

బాక్సులో చార్జర్ ఇవ్వలేదని మనం ఎంత గోల చేశాం! రంపంలో రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉందా, రైవింగ్ నైఫ్ ఉందా, బ్రేక్ ఎప్పుడు తెస్తారు అని షాపులో అడిగింది ఎంతమంది? ఈసారి కొనేటప్పుడు వాట్లు, ఆర్‌పీఎం కంటే ముందు అదే అడగండి.

బావ లిస్టులోంచి రంపం తీసేశాను. దాని బదులు మావయ్య మిషన్‌కి మంచి స్విచ్ ఒకటి ఇక్కడే కొని, పోయిన ఆదివారం నేనే బిగించాను. కొత్త సెటప్ కొనే వరకైనా అది ఉండాలని. మెయిన్ ఆపి, మళ్లీ వేసి చూశాం. బ్లేడ్ కదల్లేదు. మావయ్య ఏమీ అనలేదు. ఇంకోసారి మెయిన్ ఆపి, ఆయనే వేసి చూసుకున్నాడు.