ఎస్టోనియాకు ఎవ్వరూ దానం చెయ్యలె

సోవియట్ యూనియన్ కూలిపోయింది గనుక ఎస్టోనియాకు స్వాతంత్ర్యం వచ్చిందట! గోర్బచేవ్ మెత్తని మనిషి గనుక వదిలిపెట్టిండట! అంతర్జాతీయ వ్యవహారాలు రాసే పెద్దమనుషులు చాలామంది ఇప్పటికీ ఇదే చెప్తరు. పెద్ద రాజ్యం అలసిపోయి పిడికిలి వదులు చేస్తే చిన్నోళ్లు జారి బయటపడ్డరన్నట్టు. ఇది పచ్చి అబద్ధం. చరిత్ర తెలియక చెప్పే అబద్ధం కూడా కాదు. చిన్న జాతులకు సొంత చరిత్ర ఉండదు, పెద్దోళ్ల చరిత్రలో తోకలు మాత్రమే ఉంటయనే అహంకారంతో చెప్పే అబద్ధం అని మేం అంటున్నం.

ఎస్టోనియా ఎంత? 45 వేల చదరపు కిలోమీటర్ల నేల, 13 లక్షల పైచిలుకు జనం. హైదరాబాద్ నగరంలో ఒక మూలకు సరిపోతరు. వాళ్ల భాష ఫిన్లాండ్ భాషకు చుట్టం, రష్యన్‌కు గాని జర్మన్‌కు గాని ఏమీ కాదు. 13వ శతాబ్దంలో జర్మన్ క్రూసేడర్లు శిలువ చూపి, కత్తి దూసి ఆ నేల గుంజుకున్నరు. తర్వాత డెన్మార్క్, పోలండ్, స్వీడన్, చివరికి 1710లో రష్యా జార్. పైన జెండాలు మారినయ్ గాని, గడీలో జర్మన్ దొర మాత్రం కదలలె. రైతు దొర సొత్తు. 1816లో, 1819లో ఆ బానిసత్వం రద్దు చేసినమన్నరు. భూమి మాత్రం దొర చేతిలోనే ఉండిపోయింది. ఆ జనానికి తమదంటూ పేరు కూడా లేదు, 'నేల జనం' అని చెప్పుకునేటోళ్లు. చదువుకున్నోడు జర్మన్‌గా మారిపోవుడే మర్యాద, ఎస్టోనియన్ మాట్లాడితే పాలేరు కింద లెక్క.

దీన్ని తిరగరాసింది తుపాకీ కాదు, ఒక వారపత్రిక. 1857లో యోహాన్ వోల్డెమార్ యాన్సెన్ అనే బడిపంతులు పార్ను పట్టణం నుంచి పత్రిక పెట్టి, తన పాఠకులను ఎస్టోనియా ప్రజలారా అని పలకరించిండు. నేల జనం ఒక జాతి పేరుతో పిలిపించుకోవడం అక్కడినుంచి ఊరూరికీ పాకింది. అదే యాన్సెన్ 1869లో తార్తులో మొదటి పాటల పండుగ జరిపిండు. రైతు బానిసత్వం రద్దయి యాభై ఏండ్లయింది, జార్ ప్రభువు దయకు కృతజ్ఞత చెప్పుకుంటమని దొరలను నమ్మించి అనుమతి తెచ్చుకున్నడు. ఎనిమిది వందల పైచిలుకు గాయకులు, వాద్యగాళ్లు వచ్చిండ్రు, అందరూ మగవాళ్లే. కృతజ్ఞత సంగతి ఎట్లున్నా ఎస్టోనియన్లు ఒక్కచోట నిలబడి తమ బలగం ఎంతో కండ్లారా చూసుకున్నరు.

ఆ తర్వాత యాకోబ్ హుర్ట్. ఈయన పాస్టర్. 1888లో పత్రికల ద్వారా ఒక పిలుపు ఇచ్చిండు: మీ ఊళ్లో ముసలోళ్లు పాడే పాటలు, చెప్పే కథలు, సామెతలు రాసి పంపుండ్రి అని. రైతులు, బడిపంతుళ్లు, చేతివృత్తులోళ్లు, 1,400 మంది దాకా రాసి పంపిండ్రు. లక్ష పేజీలకు పైగా పోగయింది. ఏ విశ్వవిద్యాలయం నిధులియ్యలె, ఏ సర్కారు అకాడమీ పెట్టలె. కూలోళ్ల భాషలో సాహిత్యం యాడున్నదని ఎకసెక్కాలాడిన దొరల మొఖం మీద కొట్టినట్టు ఆ కట్టలు ఈనాటికీ తార్తులో భద్రంగా ఉన్నయ్. అవి చూడకుండా 1991 గురించి రాసేటోళ్లకు ఏం తెలుస్తది?

1918లో స్వతంత్రం ప్రకటించుకున్నరు, కొట్లాడి నిలబెట్టుకున్నరు. 1920లో తార్తు ఒప్పందం మీద సోవియట్ రష్యా సంతకం పెట్టింది. ఎన్నటికీ ఈ నేల మీద హక్కు అడగమని రాసిచ్చింది. రాసిచ్చిన కాగితం ఇరవై ఏండ్లు ఆగలె. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్‌ల మంత్రులు మాస్కోలో కూసోని రహస్యంగా దేశాలు పంచుకున్నరు. 1940లో ఎర్రసైన్యం వచ్చింది. 1949 మార్చిలో కొద్ది రోజుల్లోనే 20 వేల మందికి పైగా జనాన్ని రైళ్లల్లో కుక్కి సైబీరియాకు పంపిండ్రు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. విముక్తి పేరు చెప్పి చేసిన ఈ దుర్మార్గాన్ని సమర్థించే వామపక్ష మిత్రులు మన దగ్గర కూడా ఉండిరి. ఆ పిల్లల నేరమేందో వాళ్లు ఎన్నడూ చెప్పలె.

పాటలు పాడితే రాజ్యాలు వస్తయా అని ఎవరన్నా అడుగుతరు. పాట బలం ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు గాని, ఒట్టి పాటతో రాదు అని మేమూ ఒప్పుకుంటం. 1987లో ఫాస్ఫరైట్ గనులు తవ్వి నీళ్లు, నేల ఖరాబు చేస్తమని మాస్కో బయలుదేరితే విద్యార్థులు, శాస్త్రవేత్తలు అడ్డం నిలబడ్డరు. మాస్కో ఆ పని ఆపుకోవాల్సి వచ్చింది. భయం అక్కడ పోయింది. 1988 సెప్టెంబరులో తాల్లిన్ పాటల మైదానంలో లక్షల గొంతులు కలిసినయ్. నవంబరు 16న, మా చట్టమే మాకు పైచట్టం అని సోవియట్ రిపబ్లిక్కులన్నిటికంటే ముందు ప్రకటించింది ఎస్టోనియానే. మిగతా రిపబ్లిక్కులు ఒకదాని వెనుక ఒకటి ఆ బాటనే పట్టినయ్. అంటే సోవియట్ కూలితే ఎస్టోనియా బయటపడలె. సోవియట్ గోడలో మొదటి ఇటుక పీకినోళ్లలో ఈ పిడికెడు జనం ఉన్నరు!

1989 ఆగస్టు 23న, ఆ రహస్య పంపకానికి యాభై ఏండ్లు నిండిన రోజున, తాల్లిన్ నుంచి రిగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా మనుషులు చేతులు పట్టుకుని నిలబడ్డరు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా కలిసి ఇరవై లక్షల మంది దాకా. అటువంటి కాగితమే లేదని అర్ధ శతాబ్దం బుకాయించిన మాస్కో, నాలుగు నెలలకు తన సొంత పార్లమెంటులో ఆ ఒప్పందం ఉన్నదని, అది చెల్లదని ఒప్పుకున్నది. ఇది గోర్బచేవ్ దయనా? కొత్త రాజ్యం ఇయ్యమని ఎస్టోనియన్లు అడగలె. మా రాజ్యం మీరు దొంగిలించిండ్రు, తిరిగి పెట్టుండ్రి అన్నరు. 1991 ఆగస్టు 20న, మాస్కోలో కుట్రదారుల ట్యాంకులు వీధుల్లో ఉన్న వేళ, స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించుకున్నరు. అక్కడ ఒక్క ప్రాణం పోలె.

అయితే ఆ వాదనకు రెండో అంచు కూడా ఉన్నది. దాన్ని దాచి రాస్తే మేమూ ఆ పెద్దమనుషుల లెక్కనే అయితం. 1934లో ఆ దేశ జనాభాలో ఎస్టోనియన్లు నూటికి 88 మంది, 1989 నాటికి 61 మంది. ఫ్యాక్టరీల పేరిట, సైన్యం పేరిట మాస్కో తరలించిన జనం మిగతా జాగ నింపిండ్రు. పాత రాజ్యమే తిరిగొచ్చింది గనుక పాత పౌరులు, వాళ్ల వారసులే పౌరులు అన్నరు. దాంతో 1992లో జనాభాలో దాదాపు మూడో వంతు ఏ దేశ పౌరసత్వమూ లేనోళ్లయిండ్రు. భాషా పరీక్ష రాసి గెలిస్తే పౌరసత్వం. ఎస్టోనియన్ నేర్చుకోమనుడు అన్యాయం కాదు, దొరభాష ఒక్కటే బతికే చోట పాలేరు భాష ఎట్ల చస్తదో వాళ్లకు తెలుసు. కానీ అక్కడే పుట్టి, అక్కడే గనిలో పనిచేసి ముసలోడైన కార్మికుడిని స్టాలిన్ చేసిన నేరానికి జవాబుదారు చేసుడు ఏం న్యాయం? ఆ కార్మికుడిని రైలెక్కించింది కూడా ఆ మాస్కోనే గదా.

ఉక్రెయిన్ మీద యుద్ధం చూసినంక ఎస్టోనియన్ల భయం మాకు అర్థమైతది. 2007లో సోవియట్ సైనిక విగ్రహం జరిపినందుకు దేశం మొత్తం కంప్యూటర్ల మీద దాడి జరిగింది. 2005లోనే ఇంటర్నెట్‌లో ఓటు వేయించిన దేశం, ఆ దెబ్బ తర్వాత సైబర్ రక్షణలో పెద్ద రాజ్యాలకే పాఠం చెప్పే స్థితికి వచ్చింది. అంత తెలివి, అంత ఓపిక ఉన్నోళ్లు నార్వా పట్టణం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతున్నరు? అక్కడ పదిమందిలో తొమ్మిది మంది రష్యన్ మాట్లాడుతరు. 2025 మార్చిలో రాజ్యాంగం సవరించిండ్రు. రష్యా పౌరులకు స్థానిక ఓటు అప్పుడే పోయింది. ఏ దేశమూ లేని ఆ బూడిదరంగు పాస్‌పోర్టు ముసలోళ్లు 2025 అక్టోబరులో ఆఖరుసారి తమ పట్టణ మండలికి ఓటేసి వచ్చిండ్రు.