పతకాల లెక్కలో రాని రోజు

మళ్ళీ అదే తంతు. రెండో ప్రపంచ యుద్ధ వీరుల మీద ఈ వారం ఒక వ్యాసం చదివాను. సోవియట్ అశ్వికదళంలో ఎదిగి ఆర్మీ జనరల్ అయిన ఇస్సా ప్లియేవ్ గురించి. పుట్టిన ఊరు, చదివిన సైనిక పాఠశాల, చేసిన పదవులు, వచ్చిన పతకాలు అన్నీ వరసగా ఉన్నాయి. 1962 జూన్ 2 మాత్రం లేదు. నా ఒళ్ళుమంట అందుకే.

ప్లియేవ్ సామాన్యుడని నేననను. ఒసేతియా పల్లెలో 1903లో పుట్టి, 1922లో ఎర్రసైన్యంలో చేరినవాడు. 1941 ఆగస్టులో స్మోలెన్స్క్ అడవుల గుండా జర్మన్ల వెనకవైపుకి గుర్రాల మీద చొరబడి, వాళ్ళ రవాణాను చెల్లాచెదురు చేసిన దళాల్లో ఆయన డివిజన్ ఒకటి. ట్యాంకుల కాలంలో గుర్రమేమిటని నవ్వేవాళ్ళకు రష్యా బురద సంగతి తెలీదు. లారీ కూరుకుపోయిన చోట గుర్రం నడిచింది. 1944లో ఒడెస్సా పోరు, ‘సోవియట్ యూనియన్ వీరుడు’ బిరుదు. 1945లో సోవియట్, మంగోలియా సేనలను గోబీ ఎడారి దాటించి జపాన్ సైన్యం మీదికి నడిపాడు. రెండోసారి అదే బిరుదు. ఇంతవరకూ నావీ చప్పట్లే.

ఇక ఆ తేదీ సంగతి. ఊరు రష్యాలోని నొవొచెర్కాస్క్. 1962 జూన్ 1న మాంసం, వెన్న ధరలు పెంచారు. అక్కడి రైలింజన్ల కర్మాగారంలో అప్పటికే కూలి రేట్లు కోసేశారు. మాంసం కొనలేనివాళ్ళు ఏం తినాలని కార్మికులడిగితే, కార్జం కూరిన రొట్టెలు తినండని డైరెక్టరు ఎకసెక్కమాడాడట. మర్నాడు వాళ్ళు లెనిన్ పటాలు పట్టుకుని ఊళ్ళోకి ఊరేగింపుగా వచ్చారు. వాళ్ళ మీద జరిపిన కాల్పుల్లో 26 మంది చనిపోయారు. శవాలను ఇళ్ళవాళ్ళకు ఇవ్వకుండా, దూరదూరపు శ్మశానాల్లో దొంగచాటుగా పూడ్చారు. కడిగినా నెత్తురు మరకలు పోకపోతే పైన తారు పోశారు. తర్వాత ఆందోళనకారుల్లో ఏడుగురికి మరణశిక్ష. ఆ ప్రాంతపు సైనిక మండలానికి అధిపతి మన ప్లియేవే.

ఆజ్ఞ మాస్కోది, ఆయనేం చేస్తాడంటారా? ఆయన కింద ఉప అధిపతిగా మత్వేయ్ షపోష్నికోవ్ అనే ట్యాంకుల జనరల్ ఉన్నాడు. ఆయనా యుద్ధవీరుడే. ఊరేగింపు దాటాల్సిన తుజ్లోవ్ వంతెన దగ్గర కాపలా ఆయనది. తన సైనికుల తుపాకుల్లోంచి తూటాలు తీయించాడు. ట్యాంకులతో ఆపమని ప్లియేవ్ నుంచి ఉత్తర్వొస్తే, ట్యాంకులు తోలాల్సిన శత్రువు నాకిక్కడ కనబడటం లేదన్నాడు. జనం ట్యాంకులెక్కి దిగి వంతెన దాటారు. అక్కడ ఒక్క ప్రాణం పోలేదు.

1966లో షపోష్నికోవ్ కొలువు పోయింది, 1967లో పార్టీ సభ్యత్వం పోయింది. ప్లియేవ్‌కి మాత్రం కాల్పుల మరుసటి నెలలోనే క్యూబాలో సోవియట్ సేనల ఆధిపత్యం దక్కింది. పావ్‌లొవ్ అని మారుపేరు పెట్టారు. ఆ ఉష్ణదేశానికి వెళ్ళే ఓడల్లో, చలిదేశానికని నమ్మించడానికి మంచు మీద జారే స్కీలు కూడా ఎక్కించారు. నలభై వేల పైచిలుకు సైన్యం, దాంతోపాటు అణు క్షిపణులు, అన్నీ ఈ గుర్రపు దళపతి చేతిలో పెట్టారు. చెప్పింది చేసేవాడికి పెద్దపీట వెయ్యడం ఏ జెండా కిందైనా ఒకటే.

నా అసలు కోపం ప్లియేవ్ మీద కాదు, మన అభినందన సంచికల మీద. రిటైరైన పెద్ద అధికారుల మీద వచ్చేవి తిరగేయండి. శాలువాల ఫొటోలు, పోస్టింగుల పట్టీ, మంత్రిగారి సందేశం. ఏ సంతకం ఎప్పుడు పెట్టనన్నాడో అన్న పేజీ వెతికినా దొరకదు. పెట్టననడం అసలు జరగలేదనుకోవాలా, జరిగినా చెప్పుకోవడానికి సిగ్గనుకోవాలా? ఇక మీదట ఎవరి మీదైనా సంచిక వేసే మహానుభావులు ఆ ఒక్క ప్రశ్న ముందుగా అడిగి, ఆ తర్వాతే చందాల పుస్తకం బయటికి తీయండి.