పేరులేని పల్లెలు

రెవిన్యూ దప్తరములలో 'బేచిరాగు గ్రామము' అను మాట యొకటి గలదు. పారసీక భాషలో చిరాగనగా దీపము. సరిహద్దులు, సర్వేనంబరులు, పేరు అన్నియు నుండి, సంధ్యవేళ దీపము పెట్టు గృహ మొక్కటియు లేని గ్రామమునకు బేచిరాగని వ్యవహారము. 2011 సంవత్సరపు జనాభా లెక్కలలో దేశమునందలి 6,40,000 పైబడిన గ్రామములలో నించుమించు 43,000 నిర్జనములే. పట్టికలో వానికి వరుస గలదు, పేరు గలదు, జనసంఖ్య కెదుట సున్న గలదు. దీనిని మే మాక్షేపించుట లేదు. కాని దీపములు వెలుగుచున్న పల్లెలు వేలకొలది యా పట్టికలలో కానరాకుండుట యెట్టి న్యాయము?

కారణము తేటగనే యున్నది. గ్రామసీమలలో జనాభా లెక్కలకు ప్రమాణము రెవిన్యూ గ్రామము. ఒక రెవిన్యూ గ్రామపు పొలిమేరలో మూలగ్రామము గాక, చెరువుకట్ట క్రిందనో కొండ యంచుననో కొన్ని శివారు పల్లె లుండును. వానిని మజరాలందురు; లంబాడీలవి తండాలు, కోయలు మొదలగు వారివి గూడెములు. గణకుడు ప్రతి గుడిసెకును బోవును, చంటిబిడ్డను సైతము వ్రాసికొనును. ప్రకటిత మగు పట్టికలో మాత్ర మా యంకెలన్నియు గ్రామసంఖ్యలో గలిసిపోవును.

ఇందువలన నష్టమేమని కొంద రడుగవచ్చును. బాట సంగతి చూడుడు. 2000 సంవత్సరమున నారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన, మైదానమున 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతములలో 250 మంది యున్న నివాసములకు రోడ్డు వేయవలయునని నిర్ణయించినది. లెక్క గ్రామమునకు, అర్హత నివాసమునకు! గ్రామసంఖ్య నుండి పల్లెసంఖ్యను విడదీయునపుడు 510 కాస్త 490 యగుట కెంతసేపు పట్టును? 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గ మంగీకరించిన నాలుగవ విడతకును 2011 లెక్కలే యాధారము. ఆ లెక్కలనాటి చంటిబిడ్డలు అప్పటికే హైస్కూలునకు నడచిపోవుచున్నారు, బాట యున్న చోట.

తెలంగాణములో 2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిమ్మట 500 జనసంఖ్య గల తండాలు, గూడెములు అనేకము స్వతంత్ర పంచాయతీలైనవి. మేము మనసార హర్షించితిమి. కాని గీతకు రవంత దిగువ నున్న పల్లెలకు మూలగ్రామ పెద్దల దయయే గతి. శివారు పల్లెలలో వసించువారు పెక్కుచోట్ల దళితులు, గిరిజనులు, కూలిజనము. ఊరికి వెలుపల నుంచబడినవారి వాడ పేరు లెక్కలకును వెలుపల నుండవలసినదేనా?

రాబోవు గణనము 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని జరుగునని 2025 జూనులో ప్రకటింపబడెను. 2011లో జనులను లెక్కించినది ఫిబ్రవరి మాసమున. పాలమూరు, అనంతపురము మెట్టపల్లెలలో ఖరీఫు పంట యిల్లు చేరి, పడుచువారు కూలికై దూరదేశములకు బోవు రోజు లవి. గణనకాల మంతయు నింట లేనివానిని కనబడిన చోటనే వ్రాయుట నియమము. నియమము సహేతుకమే, ఐనను పల్లెలో మిగులునవి తాళములు, ముసలివారు. ఆ తగ్గిన యంకెయే పదేండ్లు పల్లె నుదుట నిలుచును.

ఈ పర్యాయము లెక్కలు ఫోనులలో వ్రాయుదురనియు, ప్రతి కట్టడపు స్థానమును గుర్తింతురనియు ప్రభుత్వము తెలిపినది. ఇండ్ల స్థానములే తెలిసినపుడు మజరాకొక వరుస యిచ్చుట యెంతపని? గ్రామసంఖ్య క్రిందనే శివారు పల్లెల సంఖ్యలను విడివిడిగ ప్రకటింపవలయునని మా కోరిక. వలసపోయిన కుటుంబముల సంఖ్యయు ప్రక్కన చూపవలయును. ఇందుకు పంచాయతీలును ముందుగనే పూనుకొని, తమ పరిధిలోని పల్లెల పేర్లను గ్రామసభలో చదివి, తప్పులు దిద్ది, గణకుని చేతికీయవలెను. దప్తరములో నొక పేరును, వాడుకలో వేరొక పేరును గల పల్లెలు కొల్లలు. అట్టిచోట పల్లెవారు చెప్పిన పేరే వ్రాయవలయును.