మూతికంటిన జీడి

ఎదురింటి అరుగు మీద ఓ అమ్మాయి మామిడిపండు తింటూ చదువుకుంటోంది. పదో తరగతి పరీక్షలు రాసి నెల కావస్తోంది, ఫలితాలు ఇంకా రాలేదు. జూన్‌లో బైపీసీలో చేరాలని అప్పుడే ఖాయం చేసుకుని, ఎవరో సీనియర్ దగ్గర ఇంటర్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్రం నోట్సు తెచ్చుకుంది. ఓ చేతిలో రసం పండు, ఒళ్లో నోట్సు. ‘మాంజిఫెరా ఇండికా, అనకార్డియేసి, సపిండేల్స్’ అని కళ్లు మూసుకుని వల్లిస్తోంది. లోపల్నుంచి వచ్చిన అమ్మమ్మ మనవరాలి మొహం చూసి, ‘‘ముచ్చిక తీసి రెండు చుక్కలు పిండేయకుండానే నోట్లో పెట్టుకున్నావుటే? మూతికి జీడి అంటింది చూడు. పొక్కుతుంది, లేచి కడుక్కో’’ అంది. అమ్మాయి కళ్లు తెరవలేదు. ‘‘ఉండు అమ్మమ్మా, ఫ్యామిలీ దగ్గరే మర్చిపోతున్నా’’ అంది.

ఆమె మర్చిపోతున్న ఫ్యామిలీ ఆ క్షణాన ఆమె పెదవి అంచునే ఉంది. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ అనకార్డియేసి కుటుంబంలోవే. ఒంటికి తగిలితే మండించి పొక్కించే రసం మూడింటికీ ఉంది. మామిడికాయ తొడిమ దగ్గర కారే సొనలో కాస్త, జీడిగింజ పెంకులోని నూనెలో దండిగా, నల్లజీడిలో అంతకంతా. పలాస వైపు జీడిగింజలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు నల్లబడేది ఆ నూనెకే. నల్లజీడి రసం గుడ్డకు అంటిందా, ఇక ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకే ఏ ఇంటి బట్టలు ఏవో తెలియడానికి చాకిరేవులో దానితోనే గుర్తులు పెట్టేవారు.

ఇంకో ముచ్చట. జీడిమామిడి మన నేలలో పుట్టిన చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి పడమటి తీరానికి తెచ్చారు. అది మన ఊళ్లకు చేరినప్పుడు పల్లెజనం పూతా కాయా చూసి మామిడి చుట్టమన్నారు, గింజ పెంకు పగలగొట్టి చూసి జీడి చుట్టమన్నారు. రెండు పేర్లూ కలిపి పెట్టేశారు. లాటిన్ చేసిన పనీ దాదాపు అదే. అనకార్డియం అనే మాటను ఐరోపా పాత వైద్యులు వాడింది నల్లజీడికి. ఆ గింజ గుండె ఆకారంలో ఉంటుందని గ్రీకు వారి ‘కార్డియా’ను అందులో ఇరికించారు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఆ పేరు తీసుకెళ్లి కొత్తగా వచ్చిన జీడిమామిడికి తగిలించాడు. ఉప్సలాలోని పండితుడికీ, బడి మొహం చూడని మన రైతుకూ తట్టింది ఒకటే ఊహ. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లకు అనకార్డియేసి అన్న మాట జన్మలో మళ్లీ జారిపోదు. కాకపోతే నోట్సులో అది లేదు. అమ్మమ్మ మాటలో ఉంది.

బైపీసీకి సిద్ధపడే పిల్లలను కదిపి చూడండి. భయం పాఠాలది కాదు, పేర్లది. ఇంటర్ మొదటి ఏడు జీవశాస్త్రం మొదలయ్యేదే జీవ ప్రపంచ వైవిధ్యంతో. తలుపు తీయగానే గుమ్మంలో నూరు పేర్లు నిలబడి ఉంటాయి. ప్రజాతి పేరు పెద్దక్షరంతో మొదలుకావాలి, జాతి పేరు చిన్నక్షరంతో, చేత్తో రాస్తే రెంటికీ విడివిడిగా కింద గీత కొట్టాలి. పదో తరగతిలో ‘ద్రవాభిసరణ’ అని చక్కగా చెప్పిన తెలుగు మాధ్యమం పిల్లకు అది రాత్రికి రాత్రే ‘ఆస్మాసిస్’ అయిపోతుంది. ఆపైన నీట్ ఉంది. దాని 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివేనని ఇంట్లో తాతయ్యకు కూడా తెలుసు. సెలవుల్లో తరగతులు పెట్టొద్దని బోర్డులు చెబుతూనే ఉంటాయి, బ్రిడ్జి కోర్సుకు పంపండంటూ తల్లిదండ్రులకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. అలా ఎండాకాలం నలభై రోజులూ పేర్ల బట్టీకి పోతాయి.

ఆ పేర్లు నిజంగా అంత పరాయివా? మాంజిఫెరా అంటే మాంగా కాసే చెట్టు. ‘మాంగా’ తమిళ, మలయాళాల మాట. పోర్చుగీసు నావికుల నోట పడి ఐరోపా చేరింది, 1753లో లినేయస్ ‘స్పీసీస్ ప్లాంటారమ్’లో లాటిన్ తోక తగిలించుకుని కూర్చుంది. అంటే మన పిల్ల వల్లించే ఆ మొదటి శాస్త్రీయ నామంలోనే పొరుగింటి పలకరింపు ఉంది.

పొరుగిల్లు దాకా ఎందుకు? 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. పాములు తెచ్చి ఇచ్చినవారు ఏ పేరు చెబితే ఆ పేరే రాసుకున్నాడు. నలుపూ పసుపూ పట్టీలున్న పామును వాళ్లు బంగారు పాము అన్నారు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలోకి ఆ పేరు అలాగే ఎక్కింది. కొన్నేళ్లకు డోడాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ ప్రజాతి పాములన్నిటికీ కలిపి ‘బంగారస్’ అని పేరు పెట్టాడు. మన కట్లపాము పేరు ఇవాళ బంగారస్ సెరూలియస్. 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ స్పెల్లింగులో ‘యు’ ఉండాల్సిన చోట ‘ఎ’ అచ్చయింది. అచ్చుతప్పే, కానీ మనకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. శాస్త్రం రస్సెల్ రుణమూ ఉంచుకోలేదు లెండి, రక్తపింజరికి ఆయన పేరే పెట్టింది, డబోయా రసెలీ అని.

పందికొక్కు కథ ఇంకా తమాషా. మన గాదెల కింద బొరియలు చేసే ఆ ప్రాణి పేరు ఇంగ్లిషు వాళ్ల నోట ‘బ్యాండికూట్’ అయింది, శాస్త్రంలో ‘బ్యాండికోటా’ ప్రజాతి అయింది. అక్కడితో ఆగక ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, ఎలుకతో దగ్గరి చుట్టరికమేమీ లేని సంచి జంతువులకు పేరై కూర్చుంది. సామర్లకోటలో తోట వేసి మొక్కలు పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లు రాసుకోవడంలో వెనకాడలేదు. ఇక్కడివాళ్లు జ్వరానికి బెరడు వాడే సోమిద మాను ఇవాళ ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా’. రెండో మాటకు అర్థం జ్వరాన్ని తరిమేదని. మొదటిది మనదే.

అలాగని తెలుగు పేరు తెలిస్తే చాలు, లాటిన్ ఎందుకనుకుంటే అదీ పొరపాటే. చేలగట్ల మీద, రోడ్ల పక్కన నేలకు వాలి పెరిగే ఓ కలుపుమొక్క ఉంది. పొడవాటి కాడ చివర లేత పసుపు పువ్వు పూస్తుంది. దాన్ని గడ్డి చామంతి అనేవారున్నారు. దెబ్బ తగిలితే పసరు పిండుతారని గాయపాకు అనేవారున్నారు. పలక నల్లబడటానికి రుద్దేవాళ్లు కాబట్టి కొన్ని ఊళ్లలో పలకాకు. నల్లారం అన్నా అదే. ఒక ఊరి పిల్ల ఇంకో ఊరి పిల్లకు ఈ మొక్క సంగతి చెప్పాలంటే ముందు పేరు దగ్గరే తగువు. ‘ట్రైడాక్స్ ప్రోకంబెన్స్’ అంటే ఆ తగువు తీరుతుంది. ఉన్న పేర్లు చాలక శాస్త్రం మరో పేరు పెట్టలేదు, ఎక్కువై పెట్టింది. నాలుగు తెలుగు పేర్లు విన్న పిల్లకు ప్రజాతి, జాతి కలిపి రెండు మాటల పేరు పెట్టే ద్వినామీకరణం అవసరం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కటీ వినని పిల్లకు అది ఇంకో చాదస్తంలా కనబడుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఇవాళ్టి పిల్లల్లో చాలామంది ఈ రెండో రకం. లాటిన్ పేరు రాదని మనం బెంగపడుతున్నాం గానీ, వాళ్లకు తెలుగు పేరూ రాదు. ‘చెట్టు’, ‘పిచ్చిమొక్క’, ‘పురుగు’, ‘పిట్ట’ అనే నాలుగు మాటలతో పదో తరగతి దాకా లాక్కొచ్చారు.

బ్రిడ్జి కోర్సును తిట్టిపోయడం ఇక్కడ ఉద్దేశం కాదు. భౌతికశాస్త్రానికి సంవర్గమానాలు, సదిశలు కాస్త ముందే చేతికి రావాలి. రసాయనశాస్త్రంలో మోల్ లెక్కలు ఒకసారి చూసుకుంటే తర్వాత సుఖం. చెప్పేవాళ్లుంటే నేర్చుకోవచ్చు. జీవశాస్త్రం తీరు వేరు. పెళ్లికి వెళ్లేముందు బంధువుల జాబితా కంఠస్థం చేస్తే ఎవరూ మనకు చుట్టాలైపోరు. వాళ్లింట్లో ఓ పూట భోంచేసి ఉంటే పేరు మర్చిపోయినా మనిషి గుర్తుంటాడు, మనిషి గుర్తుంటే పేరు ఎలాగూ తోస్తుంది.

ఆ భోజనం దగ్గరే చూడండి. గుత్తివంకాయ కూరకు అమ్మ వంకాయల్ని ముచ్చిక తీయకుండా నాలుగుగా చీరుతుంది. ముచ్చిక చుట్టూ కాయను పట్టుకుని ఉండే ఆ పచ్చటి టోపీని చాకు కొనతో ఎత్తి చూస్తే, అంచుల్లో చిన్న కోరలు కనబడతాయి, ఒక్కోసారి ముల్లు కూడా గుచ్చుకుంటుంది. అది కాయలో భాగం కాదు. పువ్వు పూసినప్పటి రక్షకపత్రాలు అవి. ఆకర్షణపత్రాలు రాలిపోయినా అవి రాలకుండా కాయతోపాటు పెరిగాయి. టమాటా తల మీదా అవే నక్షత్రంలా ఉంటాయి, మిరపకాయకూ ఉంటాయి. ఈ మూడూ, వాటితోపాటు గుడిలో శివుడికిచ్చే ఉమ్మెత్తా ఒకే ఇంటివి, సొలనేసి. ఇంటర్ ప్రశ్నపత్రంలో ఆ కుటుంబ లక్షణాలు రాయమని తరచూ అడుగుతారు. రాలిపోని రక్షకపత్రాలు అన్న మాట మర్చిపోయి మార్కు పోగొట్టుకునే పిల్లల్లో సగం మంది ముందురోజు రాత్రి వంకాయ కూరే తిని ఉంటారు.

వేసవిలో ఏం చదవాలని అడిగే పిల్లకు ఏ జవాబు చెప్పాలో ఇక్కడే తెలుస్తోంది. నోట్సు మూసేయమని కాదు. అందులోంచి రోజుకు రెండు పేర్లు తీసుకుని, వాటి తెలుగు పేరేమిటో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకుంటే చాలు. పెద్దవాళ్లకూ తెలియకపోవచ్చు. అప్పుడు ఆకుకూరలమ్మే ఆమెనో, గొర్రెలు కాసేవాడినో అడగాలి. దీనికి ఫీజు లేదు, ర్యాంకు లేదు, అందుకే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ఎదురింటి అమ్మాయికి ఆ సాయంత్రం మూడు జీడి చుట్టాల సంగతి చెబితే, ముందు నమ్మలేదు. తర్వాత నోట్సు పక్కన పెట్టి, ‘‘అమ్మమ్మా, నువ్వు నల్లజీడి చూశావా?’’ అని అరిచింది. అమ్మమ్మ జవాబు చెప్పకుండా లోపలికెళ్లింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. కలరా ఉండల వాసనతో ఓ పాత దుప్పటి పట్టుకొచ్చి, మూల మడత విప్పింది. అంచు దగ్గర మూడు చుక్కలు, వాటి కింద ఓ అడ్డగీత. దుప్పటి వెలిసిపోయి చిల్లులు పడింది గానీ ఆ నలుపు మాత్రం నిన్న పెట్టినట్టుంది.

‘‘మా పుట్టింటి గుర్తు’’ అంది అమ్మమ్మ.

అమ్మాయి వేలితో ఆ చుక్కల్ని తడిమింది. ‘‘ఇది ఇంకా మండుతుందా?’’

‘‘అది మండదులే. నువ్వు ముందు మూతి కడుక్కో.’’