దొనకొండ నుంచి ఒక విన్నపం

రక్షణ ఉత్పత్తుల విభాగం కార్యదర్శి గారికి,

రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ ఉన్న దొనకొండ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రక్షణ పరిశ్రమల విధానంలో క్షిపణులు, మందుగుండు తయారీ క్లస్టర్. పశ్చిమ ప్రకాశం యువతకు అక్కడ వచ్చే ఉద్యోగాలు కావాలి. తమ చేతులతో తయారయ్యేది ఎవరి చేతికి వెళ్తుందో తెలుసుకునే హక్కూ వాళ్లకుంది.

2024-25లో దేశ రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలని కేంద్రం గర్వంగా ప్రకటించింది. అందులో ఏ దేశానికి ఏ తరగతి ఆయుధాలు పంపేందుకు అనుమతిచ్చారన్న వివరమే లేదు. హైదరాబాద్‌లో తయారైన హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయన్న సంగతి 2024లో పత్రికా కథనాల వల్లే జనానికి చేరింది.

ధర, డిజైన్, ఒప్పంద షరతులు దాచడం న్యాయమే. పోటీలో నిలవాల్సిన సంస్థకు ఆ రక్షణ ఉండాలి. సమాచార హక్కు చట్టం 8(1)(డి) కూడా వాణిజ్య రహస్యాలను కాపాడుతుంది. కానీ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. దేశం పేరు, ఆయుధ తరగతి ఏ కంపెనీ రహస్యం? బ్రిటన్ మూడు నెలలకోసారి దేశాలవారీగా ఇచ్చిన, నిరాకరించిన లైసెన్సుల వివరాలు ప్రచురిస్తోంది. అక్కడి ఆయుధ పరిశ్రమ దానివల్ల కుప్పకూలలేదు.

ఎగుమతి నియంత్రణ జాబితా స్కోమెట్‌లో ఆయుధ సామగ్రికి సంబంధించిన ఆరో కేటగిరీ కింద ఇచ్చే అనుమతులను దేశం, తరగతి, విలువ వారీగా ఏటా పార్లమెంటు ముందు పెట్టండి. నిరాకరించిన దరఖాస్తుల సంఖ్యనూ చేర్చండి. దొనకొండలో ఉత్పత్తి మొదలయ్యేలోపే తొలి నివేదిక రావాలి.

ఇట్లు,
దొనకొండ ప్రాంత పౌరుడు