దేవుడు నొచ్చుకున్న చోట ‘దేవుని చిత్తం’ అనకండి

సోలాపూర్ నేత వాడల్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే టీ బండి దగ్గర వినిపిస్తాయి. తెలంగాణ నుంచి తరతరాల క్రితం వలస వెళ్ళిన కుటుంబాలు అక్కడ చద్దర్లు, టవళ్ళు నేస్తున్నాయి, ఇంటి ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. పక్క పవర్‌లూమ్ మీద ముస్లిం సోదరుడు ఉంటాడు. దుమ్ము, చప్పుడు, కూలి అందరికీ ఒకటే. అలాంటి చోట మన యువకులకూ వారి యువకులకూ మధ్య ఫోన్లలో చూసిన డిబేట్ల పుణ్యమా అని ఒక తగువు నడుస్తోంది. “మీ దేవుడు పశ్చాత్తాపపడ్డాడని మీ బైబిల్లోనే ఉందట, అంటే తప్పు చేశాడా?” అని వారు అడుగుతున్నారు. “మీ దేవుడికి మనసే లేదా?” అని మనవాళ్ళు ఎదురడుగుతున్నారు.

వారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. మనవాళ్ళ ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోవాలి. ఎందుకో చెబుతాం.

అల్లాహ్‌కు సమస్తం ముందే తెలుసు, కనుక ఆయనకు నదామత్, అంటే చేసినదానికి చింతించడం, ఉండదని ముస్లింలు నమ్ముతారు. ఇది దేవుని మహిమను కాపాడాలన్న భక్తి. మనకూ ఇది కొత్త కాదు. దేవుడు మనిషిలా మాట మార్చేవాడు కాదని సంఖ్యాకాండము 23:19 చెబుతుంది. ఆదికాండము 6:6 దగ్గర జాన్ కాల్విన్ కూడా, అది మన బలహీనతకు తగినట్టు దేవుడు దిగివచ్చి మాట్లాడిన భాష అనే వివరించాడు. ముస్లిం స్నేహితుణ్ణి “మీ దేవుడికి మనసు లేదా” అని వెక్కిరించేవాడు తెలియకుండానే మన పితరులనూ వెక్కిరిస్తున్నాడు.

ఇక వారి ప్రశ్న. 1 సమూయేలు 15వ అధ్యాయం తీయండి. సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11, 35 వచనాలు చెబుతాయి. ఆయన పశ్చాత్తాపపడడని 29వ వచనం చెబుతుంది. మూడు చోట్లా హీబ్రూలో ఒకే మాట. రాసినవాడు ఇరవై వచనాల్లో తన మాట తానే మరిచిపోయాడా? కాదు. మనిషి నొచ్చుకున్నట్టు దేవుడు నొచ్చుకోడు, అయినా నొచ్చుకుంటాడు అంటున్నాడు. చిక్కంతా తెలుగు మాటలో ఉంది. పశ్చాత్తాపం అనగానే మనకు పాపి గుర్తొస్తాడు. ఆ హీబ్రూ మాటకు నొచ్చుకోవడం, మనసు మళ్ళడం, ఓదార్చడం అన్నీ అర్థాలే. యెషయా 40:1లో నా ప్రజలను ఓదార్చమన్న మాటా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఆదికాండములో మన అనువాదకులు ‘సంతాపము’ అన్నది అందుకే. కొడుకు తాగుడుకు బానిస అవుతున్నాడని తల్లికి ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన ఆమె నొప్పి తగ్గుతుందా? ఈ నొప్పి తెలియనితనం వల్ల వచ్చింది కాదు, ప్రేమ వల్ల వచ్చింది.

భేదం లేదని మేము అనడం లేదు. యెరూషలేమును చూసి ఏడ్చిన యేసులో దేవుని మనసు కనిపించిందని మనం నమ్ముతాం, వారు నమ్మరు. కానీ యోనా కథ చూడండి. నీనెవె మారింది, దేవుడు శిక్ష ఆపాడు. ఖురాన్‌లోనూ యూనుస్ ప్రజలు విశ్వసించారు, శిక్ష తొలగింది. దేవుని మనసును వర్ణించే తీరు వేరు. హెచ్చరిక తలరాత కాదు, మారిన ఊరు బతుకుతుంది అన్నది మాత్రం ఇద్దరికీ ఒకటే.

మా అసలు ఫిర్యాదు మనమీదే. దేవుడు నొచ్చుకుంటాడని డిబేట్‌లో గెలిచినవాళ్ళం, ఆయన దేనికి నొచ్చుకున్నాడో చదివామా? ఆదికాండము 6లో భూమి బలాత్కారంతో నిండిపోయింది. సమూయేలు గ్రంథంలో తానే నిలబెట్టిన పాలకుడు దారి తప్పాడు. అంటే జరిగే ప్రతిదీ దేవునికి ఇష్టమైనది కాదు. అయినా మన సంఘాల్లో ప్రమాదం జరిగితే ‘దేవుని చిత్తం’, కూలి పెరగకపోతే ‘దేవుని చిత్తం’.

2025 మే 18న సోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలోని ఒక టవల్ ఫ్యాక్టరీ తగలబడింది. ఎనిమిదిమంది చనిపోయారు. యజమాని, ఆయన ఇంటివాళ్ళు, కార్మికులు, ఏడాదిన్నర పసివాడు. అందరూ ముస్లింలే. అది ఆదివారం. ఆ రోజు మన ఆరాధనల్లో ఎన్నిచోట్ల వారికోసం ప్రార్థన జరిగింది? పసివాడి చావును దేవుని చిత్తం అనేవాడు, దేవుడు నొచ్చుకుంటాడని నోటితో ఒప్పుకుని మనసులో కాదంటున్నట్టే.

తఖ్దీర్‌ను నమ్మే ముస్లింలకు కూడా, ముందు ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధ ఉంది. కార్మికుడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న బోధా ఉంది. బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని మన యాకోబు పత్రిక 5:4 అంటుంది. కలిసి నిలబడడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి యౌవనులారా, ఈసారి ఆ టీ బండి దగ్గర వాదనకు దిగేముందు ఆ సోదరుణ్ణి వేరే ప్రశ్నలు అడగండి. మీ షెడ్డులో రాత్రి ఎంతమంది పడుకుంటారు? మంటలొస్తే బయటపడడానికి రెండో దారి ఉందా? వైరింగ్ ఎప్పుడు చూపించారు? పీఎఫ్ కడుతున్నారా? లేదంటే ఇద్దరూ కలిసి యజమాని దగ్గరికీ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికీ వెళ్ళండి. దేవుడు నొచ్చుకుంటాడా లేదా అన్న మాట దారిలో మాట్లాడుకోవచ్చు. ఆయన నొచ్చుకునే పని మన కళ్ళముందు జరుగుతుంటే, మనం నొచ్చుకోకుండా ఉండడం మాత్రం ఏ గ్రంథమూ ఒప్పుకోదు.